డోలి చప్పుడు ఆగకూడదు



సకిని రామచంద్రయ్య తాత పాటను మేం ఎదురుగా కూర్చొని విన్నవాళ్లం. మణుగూరు దగ్గర కూనవరం ఆయన ఊరు. డోలి పట్టుకొని సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథ ఎత్తుకుంటే మాకు లేవబుద్ధి కాలేదు. చేతిలో కాగితం లేదు, కథంతా గొంతులోనే ఉంది.

ఆ రాత్రి మాకు సిగ్గేసిన సంగతి కూడా చెప్పాలి. ఆయన తెలుగులో పాడినంతసేపూ తలలూపాం. కోయ భాషలోకి మారగానే మాలో సగం మందిమి పక్కనున్న అవ్వను అర్థం అడిగాం. మన కథను మనకే విడమరిచి చెప్పాల్సి వచ్చింది. అందరం ఫోన్లలో వీడియో తీశాం గానీ, ఒక్క చరణమైనా నేర్చుకొని రాలేదు.

2022లో ఆయనకు పద్మశ్రీ వస్తే మనమంతా సంబరపడ్డాం. 2024 జూన్‌లో ఆయన వెళ్లిపోయారు. మన దగ్గర వీడియోలు మిగిలాయి. రేపు జాతరలో వేల్పుల ముందు నిలబడి పాడాల్సింది మాత్రం మనుషులే.

అందుకే అడుగుతున్నాం. మీ ఊళ్లో డోలి పట్టే పెద్దాయన ఉన్నారా? ఈ పండుగకే వెళ్లి ఆయన పక్కన కూర్చోండి. ఒక్క పాట, అర్థంతో సహా, కోయలోనే నేర్చుకోండి. మేమూ మొదలుపెట్టాం. ఇంకా తప్పులు పోతున్నాయి, అయినా పాడుతున్నాం.

జోహార్!