కర్రల సాయంతో కాలేజీకి



విశాఖపట్నంలో చిలుకూరి శాంతమ్మగారని ఓ పంతులమ్మ. 1929 మార్చి 8న బందరులో పుట్టారు. మహిళా దినం కూడా అదే రోజు. అయిదు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడే తండ్రి పోయారు. మేనమామ పెంచారు. ఆవిడ భౌతిక శాస్త్రం చదివారు. వెలుగు, వేడి, చప్పుడు ఎలా పనిచేస్తాయో చెప్పే చదువది. 1956లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉద్యోగంలో చేరారు.

భర్త తెలుగు పంతులుగారు. ఆయన దగ్గర ఆవిడ ఉపనిషత్తులు తెలుసుకున్నారు. ఎంత పెద్ద చదువు చదివినా, ఇంట్లో ఇంకొకరి దగ్గర నేర్చుకునేది ఉంటుంది చూశారా!

1989లో, 60 ఏళ్లకి, రిటైరయ్యారు. ఇంక ఇంటిపట్టున కూర్చోవచ్చు కదా? కూర్చోలేదు. తర్వాత విజయనగరంలో సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలుపెట్టారు.

సొంత ఇంటిని వివేకానంద మెడికల్ ట్రస్టుకి ఇచ్చేశారు. తాను అద్దె ఇంట్లోకి మారారు. ముసలితనంలో గూడు వదులుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. అందరూ వదులుకోవాలనీ కాదు. మన పేరున ఇల్లుంటే మనకో ధైర్యం.

భర్త ముందే పోయారు. మోకాళ్లకి ఆపరేషనైంది. 2022లో ఆవిడకి 93 ఏళ్లు. అప్పుడు కూడా తెల్లవారుజామున నాలుగింటికే లేచి పాఠం చూసుకునేవారు. చంకల్లో కర్రలు పెట్టుకుని బస్సెక్కేవారు. 60 కిలోమీటర్ల పైన ప్రయాణం. ఒక్కోరోజు ఆరు క్లాసులు. అవి అయ్యాక మళ్లీ విశాఖ దారి.