నడిచే కోడి కోసం ఇరవైరెండో నంబరు బస్సులో

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "అమెరికా యాత్రానుభవాలు" అనే అంశం మీద పావుగంట మాట్లాడమన్నారు. ఇదే అంశం మీద ఇదే వేదిక మీద ఇంతకు ముందు ముగ్గురు మాట్లాడగా విన్నాను. ముగ్గురూ నయాగరా జలపాతం గురించే చెప్పారు. నేను నయాగరా చూడలేదు. ఆరు నెలలు అక్కడ ఉండి నేను బాగా చూసినవి రెండే: శాన్ హోసే ఊరి సిటీ బస్సులు, ఆ ఊళ్లోని వియత్నాం వాళ్ల హోటళ్లు. కనుక వాటి గురించే చెబుతాను. మా ఆవిడ ముందు వరసలో కూర్చుని ఉంది. నేను ఎక్కడైనా ఎక్కువ చేసి చెబితే అక్కణ్ణుంచే చెయ్యి ఊపుతానని ముందే హెచ్చరించింది.

2022 డిసెంబరులో మా అమ్మాయి రెండో కాన్పుకు వెళ్లాం. వాళ్లుండేది శాన్ హోసే పక్కనున్న సన్నీవేల్ అనే ఊళ్లో. పురుడు సుఖంగా జరిగింది. కాని జనవరిలో అక్కడ ఎడతెరిపి లేని వానలు, చలి. మా ఆవిడకు న్యుమోనియా వచ్చి అయిదు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. బిల్లు ఎంతయిందో చెప్పి మీ మధ్యాహ్న భోజనం చెడగొట్టను. జబ్బయితే తగ్గింది గాని నోరు చచ్చిపోయింది. ఇంగువ పోపు పడితే చాలు, లేచి బాల్కనీలోకి పోయేది. చారన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేది. యాభై ఎనిమిది కిలోల మనిషి నలభై తొమ్మిదికి దిగింది. తినకపోతే మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. బలానికని డబ్బాల్లో పానీయం ఇచ్చారు. అది సున్నపు నీళ్లలా ఉందని ఈవిడ ముట్టలేదు. పసిబిడ్డతో అమ్మాయి, ఆఫీసుతో అల్లుడు సతమతమవుతున్నారు. నేనేమో వంటింట్లో గరిటె ఎక్కడుంటుందో కూడా తెలియని మనిషిని.

పక్క వాటాలో ఒక వియత్నాం ముసలమ్మగారు ఉండేవారు. మాకు వాళ్ల భాష రాదు, ఆవిడకు మా భాష రాదు. ఇంగ్లీషు ముగ్గురికీ అంతంత మాత్రం. ఒకనాడు మూతపెట్టిన గిన్నె ఒకటి తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టారు. ఈవిడ మూత తీసి వాసన చూసి, "ఏమండీ, అల్లం కాల్చి వేసిందండీ" అంది. నెలరోజుల తరవాత ఒక తిండి గురించి ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. కోడి మాంసం చారు, అందులో వెడల్పాటి బియ్యపు సేమ్యా, పైన ఉల్లికాడలు, కొత్తిమీర. గిన్నె ఖాళీ చేసింది. నేను వరండాలోకి వెళ్లి కళ్లద్దాలు తుడుచుకున్నాను. (చూశారా, చెయ్యి ఊపలేదు.)

ఆ అమ్మగారు మరో రెండుసార్లు తెచ్చి ఇచ్చి, తరవాత కొడుకు దగ్గరికని హ్యూస్టన్ వెళ్లిపోయారు. వెళ్లిన మూడో రోజున ఈవిడ, "ఆ చారు బయటెక్కడైనా దొరుకుతుందేమో చూడకూడదూ?" అంది. అదీ కథకు మొదలు.

దాని పేరు ఫో. రాయడం అలా రాస్తారు గాని, పలికేటప్పుడు "ఫ" అని మొదలుపెట్టి, ఏదో ప్రశ్న అడుగుతున్నట్టు గొంతు కిందికి దించి పైకి లేపాలి. ఆ స్వరానికి వాళ్ల భాషలో పేరే "అడగడం". అసలు శాన్ హోసే అలాంటి ఊరని నాకు అప్పటిదాకా తెలియదు. లక్షమందికి పైగా వియత్నాం వాళ్లున్నారు. వియత్నాం బయట ఒక్క నగరం హద్దుల్లో అంతమంది మరెక్కడా లేరంటారు. స్టోరీ రోడ్డు, టల్లీ రోడ్డు అనే రెండు వీధుల్లో బోర్డులన్నీ వాళ్ల భాషలోనే ఉంటాయి. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయాక పడవల్లో, విమానాల్లో తరలివచ్చిన వాళ్లు, వాళ్ల పిల్లలు వీరంతా.

సన్నీవేల్ నుంచి అక్కడికి ఇరవైరెండో నంబరు బస్సు. ముప్పై నాలుగేళ్లు కండక్టరుగా, కంట్రోలరుగా చేసినవాడికి బస్సు చూస్తే ప్రాణం లేచివస్తుంది. అరవై అయిదు దాటిన వాళ్లకు తక్కువ చార్జీ. కార్డు తాటిస్తే రెండు గంటల్లోపు బస్సు మారినా మళ్లీ టిక్కెట్టు లేదు. నాలాంటి మోకాళ్ల నొప్పుల వాడు వస్తే బస్సు తనే ఒక పక్కకి ఒరిగి మెట్టు కిందికి దించుతుంది. మన పల్లె సర్వీసులో ముసలమ్మను రెక్క పట్టుకుని పైకి లాగిన చేతులివి, ఆ ఒరగడం చూసి కాసేపు కదలకుండా నిలబడ్డాను. ఆ ఇరవైరెండో నంబరు ఒకప్పుడు రాత్రంతా తిరిగేదట. ఇల్లు లేనివాళ్లు ఈ చివరినుంచి ఆ చివరికి నిద్రపోతూ ప్రయాణం చేసేవారట. జనం దానికి "హోటల్ 22" అని పేరు పెట్టారు, దాని మీద ఒక చిన్న సినిమా కూడా వచ్చింది. కంప్యూటర్ కంపెనీలన్నీ ఉన్న చోట ఇదీ ఉంది.

మొదటి దుకాణం ఇంటికి దగ్గరలోనే. కోడి ఫో ఒకటి పొట్లం కట్టించాను. డబ్బులిచ్చాక ఏదో అనుమానం వచ్చి, చారు దేనితో కాచారని అడిగాను. "ఆవు ఎముకలు, సార్" అన్నాడు కుర్రాడు నవ్వుతూ. చాలా చోట్ల అంతేనట, గోవు చారులోనే నాలుగు కోడి ముక్కలు వేసి ఇస్తారు. వాడి తప్పేమీ లేదు, ఫో అంటే ప్రధానంగా అదే. అడగకుండా ఇంటికి తీసుకుపోయి ఉంటే మా ఆవిడ జన్మలో నన్ను క్షమించేది కాదు. బస్టాపులో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఒకాయనకు పొట్లం ఇచ్చేశాను. ఆయన "దేవుడు నిన్ను దీవించుగాక" అని మొదటి స్పూనుకే కళ్లు మూసుకున్నాడు. అది మంచి ఫోయే అయి ఉంటుంది.

ఆ రోజునుంచి ఒక చిన్న నోటుబుక్కు పెట్టాను. మన ఎస్.ఆర్. షీటు రాసినట్టే తేదీ, స్టేజీ, చార్జీ, చారు రంగు, ఈవిడ తాగిన స్పూనులు అన్నీ రాసేవాణ్ని. టల్లీ రోడ్డు దుకాణంలో కోడి చారు వేరేగానే కాచారు గాని పంచదార ఎక్కువ. నాలుగు స్పూనులు. ఇంకోచోట చారు బాగుంది గాని సేమ్యా అందులోనే వేసి ఇచ్చారు. గంటసేపు బస్సులో వచ్చేసరికి అది చారంతా పీల్చుకుని ముద్దయింది. రెండు స్పూనులు. చారు వేరు, సేమ్యా వేరు కట్టించాలని అప్పుడు తెలిసింది. మరొకచోట నగదు మాత్రమే తీసుకుంటామన్నారు. నా జేబులో అల్లుడు ఇచ్చిన కార్డు తప్ప మరేమీ లేదు. ఆ పూట ఉత్తచేతులతో వచ్చాను. ఒక్క గిన్నె పన్నులతో కలిపి పదిహేను డాలర్ల దాకా అయ్యేది, అంటే అప్పటి లెక్కన పన్నెండు వందల రూపాయలు. 2014లో మనకు నిర్ణయించిన కనీస పెన్షను వెయ్యి. నెల పెన్షను ఒక గిన్నె చారుకు చాలదన్నమాట. ఈ లెక్కను వినతిపత్రంలో వాడుకోవచ్చని కార్యదర్శిగారికి మనవి.

అయిదోసారి వెళ్లిన దుకాణంలో బల్లలు ఖాళీ లేక ఒక పెద్దాయన ఎదుట కూర్చున్నాను. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. సైగాన్‌లో లారీ నడిపేవాడట. నేను బస్సుల వాణ్నని చేతులతో స్టీరింగు తిప్పి చూపిస్తే లేచి నాకు చెయ్యిచ్చాడు. 1979లో పడవలో వచ్చానన్నాడు. ఎన్ని రోజులు సముద్రం మీద ఉన్నారని అడిగితే వేళ్లు చూపించబోయి ఊరుకుని, చారు తాగడం మొదలుపెట్టాడు. నేనూ మళ్లీ అడగలేదు.

ఆయన నాకు ఫో పరీక్షించడం నేర్పాడు. ముందు ఏమీ కలపకుండా చారు ఒక్కటే రుచి చూడాలి. బల్ల మీద మొలకెత్తిన పెసలు, నిమ్మముక్క, మిరపకాయలు, మన సబ్జా జాతి ఆకు, తియ్యటి సాసు, కారం సాసు అన్నీ ఉంటాయి. చూడగానే మనవాళ్లం అన్నీ గుమ్మరిస్తాం. నేను సాసు సీసా ఎత్తగానే ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు. చారు తేటగా, గిన్నె అడుగు కనబడేలా ఉండాలి, పైన కొవ్వు చిన్న చిన్న ముత్యాల్లా తేలాలి.

వాళ్లలో కూడా ఉత్తరం, దక్షిణం తగువు ఉంది. ఫో పుట్టినది ఉత్తరాన, హనోయి, నామ్ దిన్ ప్రాంతాల్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. ఫ్రెంచివాళ్లు వచ్చి గోమాంసం వాడకం పెంచారు, మిగిలిన ఎముకలు చారులోకి వచ్చాయి. 1954లో దేశం రెండు ముక్కలైనప్పుడు ఉత్తరాదినుంచి లక్షల మంది దక్షిణానికి తరలిపోతూ ఫోను వెంట తీసుకుపోయారు. ఆకులు, మొలకలు, సాసులు దక్షిణాదిలో చేరాయి. ఉత్తరాది వాడు అవేమీ ఒప్పుకోడు. అమెరికాలో ఫో దుకాణాల పేర్లలో 54, 75 వంటి అంకెలు ఎందుకుంటాయో నాకు అప్పుడు అర్థమైంది. అవి ఇంటి నంబర్లు కావు, ఇల్లు వదిలిన సంవత్సరాలు. ఇంకో ముచ్చట: యుద్ధకాలంలో హనోయిలో మాంసం దొరకక సర్కారు దుకాణాల్లో ఉత్త చారు, సేమ్యా ఇచ్చేవారు. అప్పట్లో అమెరికా వాళ్ల పైలట్ లేని విమానాలు పైన తిరిగేవి గనుక, జనం దానికి "పైలట్ లేని ఫో" అని పేరు పెట్టారు. ఆకలి వేళ కూడా హాస్యం పోలేదు చూడండి.

నేను మా ఆవిడ సంగతి చెప్పాను, సగం మాటలతో, సగం చేతులతో. ఆయన అంతా విని కాగితం రుమాలు మీద మూడు మాటలు రాసి నా జేబులో పెట్టాడు. "గా డి బో". గా అంటే కోడి. డి బో అంటే కాళ్లతో నడవడం. నడిచే కోడి! ఫారం కోడి కాదు, పెరట్లో తిరిగి గింజలు ఏరుకుతినే కోడి. నేను గట్టిగా "నాటుకోడి!" అన్నాను. దుకాణమంతా నా వంక చూసింది. పక్కింటి అమ్మగారి చారుకూ నేను మోసుకొచ్చిన చారులకూ తేడా ఏమిటో నలభై ఏళ్లు గుంటూరు జిల్లాలో నాటుకోడి తిన్న నేను పట్టుకోలేకపోయాను. మా ఆవిడ మాత్రం, "ముక్క కొరికితే పళ్లకు పని ఉండేది, నేను అప్పుడే అనుకున్నాను" అంటుంది. అప్పుడే చెప్పి ఉంటే నాకు నాలుగు ట్రిప్పులు తప్పేవి.

మర్నాడు ఉదయం ఎనిమిదికల్లా బస్సెక్కాను. కింగ్ రోడ్డు మీద దిగి స్టోరీ రోడ్డు పట్టుకుని, కనబడిన ప్రతి దుకాణంలోనూ ఆ రుమాలు చూపించుకుంటూ నడిచాను. మూడోచోట కౌంటరు దగ్గరి ఆవిడ చదివి తల ఊపింది. ఆరేడు బల్లల చిన్న కొట్టు, కోడి తప్ప మరొకటి వండరు. చారు ఒక డబ్బాలో, సేమ్యా ఒక సంచిలో, ఆకులు ఒక పొట్లంలో. బస్సులో ఒడిలో పెట్టుకుని, క్యాషు బ్యాగు పట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చాను. ఇంట్లో మళ్లీ మరగకాచి పోస్తే, ఈవిడ మొదటి స్పూను తాగి నా వంక చూసింది గాని ఏమీ అనలేదు. తాగుతూనే ఉంది. నోటుబుక్కులో ఆ రోజు స్పూనుల లెక్క లేదు, "పూర్తి" అని ఉంది.

తరవాత వారానికి రెండుసార్లు వెళ్లేవాణ్ని. నెల తిరిగేసరికి ఆవిడే నాతో బస్సెక్కింది. ఏప్రిల్ నాటికి యాభై నాలుగు కిలోలు. ఇండియాకు బయల్దేరే ముందు అమ్మాయిని కూడా తీసుకెళ్లి, దుకాణం ఆవిడను వంటిల్లు చూపించమని అడిగాం. పెద్ద డేగిసా. అల్లం, ఉల్లిపాయ నిప్పు మీద మన వంకాయ కాల్చినట్టు నల్లగా కాల్చి, పొట్టు గీకి వేస్తారు. ధనియాలు వేయించి గుడ్డలో మూట కట్టి దింపుతారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం గోవు చారుకు దండిగా పడతాయి, కోడికి చాలా తక్కువ. పటికబెల్లం ఒక ముక్క. ఆపైన చేపను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన ఊట. దాని వాసన సీసాలో ఒకలాగా, చారులో ఇంకొకలాగా ఉంటుంది. మంట సన్నగా, మూత లేకుండా, నురుగు తీస్తూ గంటల తరబడి కాస్తారు. గలగల మరిగితే చారు మురికిగా అవుతుందట. మా ఆవిడ ఒక్కో దినుసు ముట్టుకుని తెలుగులో పేరు చెబుతుంటే, ఆవిడ వాళ్ల భాషలో పేరు చెప్పింది. నేనూ అమ్మాయీ గుమ్మంలో నిలబడ్డాం, మాతో ఎవరికీ పని లేకపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో నెలకో ఆదివారం అది కాస్తుంది. చేప ఊట దొరకదు గనుక ఉప్పుతో సరిపెడుతుంది. అది అసలు ఫో కాదని తనే అంటుంది. బియ్యపు సేమ్యా బజార్లో దొరుకుతోంది. కొలతలు కావలసిన వారు టీ విరామంలో ఆవిడనే అడగండి, నాకు చెప్పే అధికారం లేదు. స్వయంగా రుచి చూడాలనుకునేవారు పది గంటల లోపు రండి. పదకొండుకు గిన్నె కడిగేస్తాం.