పాత మదర్‌బోర్డు మీది గడియారం
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల 75 సంవత్సరాల చరిత్రను నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఈ వేదికపైనే ఉన్నారు. నేను మన సైన్సు గదిలోని ఒక చిన్న విషయాన్ని మాత్రమే విన్నవిస్తాను. బెంగళూరులో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు పంపిన పాత కంప్యూటర్లు ఏడు ఆ గదిలో ఉన్నాయి. అన్నీ 1996 నుండి 2000 వరకు తయారైనవి. వాటిని గుజిరీకి వేయాలని గత సమావేశంలో కొందరు తల్లిదండ్రులు కోరారు. "పట్నం పిల్లలు కొత్త యంత్రాల మీద నేర్చుకుంటూ ఉంటే మన పిల్లలు తుక్కు ముందు కూర్చోవాలా మేడమ్?" అని ఒక తండ్రి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొత్త యంత్రాలు కావాలి, అందుకు అర్జీలు పెడుతూనే ఉన్నాము. అయితే ఆ తుక్కుతో మన తొమ్మిదవ తరగతి పిల్లలు ఏమి చేశారో విన్న తరువాత నిర్ణయించవలసిందిగా మనవి.

ఒక కంప్యూటరులో పెంటియం ప్రాసెసర్ ఉంది. ఫ్యాన్ తీసి చూస్తే దాని మీద 166 అని ముద్ర. కంప్యూటర్ వెలిగినప్పుడు మాత్రం తెర మీద 150 అని కనబడుతోంది. ఈ 16 మెగాహెర్ట్జ్ ఎక్కడికి పోయాయని ఒక అమ్మాయి అడిగింది. యంత్రంతో వచ్చిన పుస్తకం ఏనాడో పోయింది.

ప్రాసెసర్ తన వేగాన్ని తానుగా నిర్ణయించుకోదు. మదర్‌బోర్డు మీద ఒక చిప్ తాళం వేస్తుంది. ఆ తాళం రేటే బస్ వేగం. ప్రాసెసర్ దానిని ఒక గుణకంతో హెచ్చవేసుకుంటుంది. 66ను రెండున్నరతో గుణిస్తే 166, 60ని గుణిస్తే 150. (ఆ 66 నిజానికి 66.66, లెక్క తేలలేదని పిల్లలు నన్ను నిలదీశారు!) కనుక తాళం వేసే చిప్ 60 దగ్గర ఉందని కాగితం మీదనే తేలింది. ఇక ఆ చిప్ ఏదో కనిపెట్టాలి.

మొదట పిల్లలు బ్యాటరీ పక్కనున్న సన్నని గొట్టాన్ని చూపారు. అదీ గడియారమే, కాని వేరొక పనిది. మన జిల్లా కేంద్రం తుమకూరులో హెచ్.ఎం.టి. గడియారాల కర్మాగారం ఉండేది. అక్కడ క్వార్ట్జ్ చేతి గడియారాలు కూడా తయారయ్యేవి. ఆ గడియారాల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. క్వార్ట్జ్ అంటే మన పొలాల గట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాయి జాతిదే. క్వార్ట్జ్ గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను పదిహేను మార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది, అదే ఒక సెకను. బోర్డు మీది గొట్టం కూడా అదే స్ఫటికం. తేదీ, సమయం చూసుకోవడమే దాని పని.

మనకు కావలసినది 14.318 అని చెక్కిన వెండిరంగు డబ్బీ. ఆ అంకె వెనుక ఒక కథ ఉంది. అమెరికా కలర్ టీవీ సంకేతం 3.579545 మెగాహెర్ట్జ్. దానికి నాలుగు రెట్లు 14.31818. 1981లో ఐ.బి.ఎం. తన తొలి పీసీలో ఈ స్ఫటికాన్నే వాడి, మూడుతో భాగించి ప్రాసెసరుకు 4.77 మెగాహెర్ట్జ్ ఇచ్చింది. మన దేశపు టీవీకి ఆ అంకెతో సంబంధమే లేదు, అయినా పావగడ బల్ల మీది పెట్టెలోనూ అదే కొట్టుకుంటోంది.

ఈ డబ్బీని ఆనుకొని, వరుసగా చిన్న చిన్న రెసిస్టర్లు పేర్చుకొని ఉన్న చిప్పే క్లాక్ జనరేటర్. ఆ రెసిస్టర్ల గుండానే తాళం బోర్డంతా వెళుతుంది. పేరు భూతద్దంతో చదవాలి. మా బోర్డు మీద ఐ.సి.ఎస్. అనీ, 9169 అనీ ఉన్నాయి. కింద నాలుగంకెలు తయారైన సంవత్సరాన్ని, వారాన్ని చెబుతాయి. ఆ సంస్థ 2005లో ఐ.డి.టి.లో కలిసింది, ఐ.డి.టి. 2019లో రెనెసాస్ చేతికి వెళ్లింది. అందుచేత చిప్ వివరపత్రం వెతకడానికి మూడు పేర్లూ తెలిసి ఉండాలి. పత్రం ఇంగ్లీషులోనే దొరికింది. పిల్లలు నిఘంటువు పెట్టుకొని చదివి, పట్టికను తెలుగులో వ్రాసుకున్నారు.

ఎఫ్.ఎస్. అనే కాళ్లకు సున్నా, ఒకటి ఏ వరుసలో అందితే ఏ వేగం వస్తుందో ఆ పట్టిక చెబుతుంది. అలాంటి కాళ్లు మూడుంటే ఎనిమిది వరుసలు. ఆ కాళ్లు బోర్డు మీది ఏ జంపర్లకు వెళుతున్నాయో కరెంటు తీసివేసి, మల్టీమీటరుతో చూడాలి. మధ్యలో రెసిస్టర్ ఉంటే మీటరు మోగదు, ఓముల విలువ చదవాలి. ఇక్కడే రెండు పీరియడ్లు గడిచాయి. చివరకు ఒక జంపర్ మూత పక్కకు మార్చగానే తెర మీద 166 వచ్చింది. ఆనాటి కేకలకు పక్క తరగతి ఉపాధ్యాయులు పరుగెత్తుకొని వచ్చారు.

అంకె తెలియకుండా జంపర్ ముట్టరాదని గట్టిగా చెప్పాము. అదే బోర్డును 75కు పెడితే ప్రాసెసర్ 187.5కు ఎక్కుతుంది, బస్‌లో సగం వేగంతో నడిచే పి.సి.ఐ. తన హద్దయిన 33ను దాటి 37.5కు చేరుతుంది. యంత్రం నడుస్తున్నట్లే ఉంటుంది, లోపల డిస్కులోని వ్రాతలు చెడిపోవచ్చు.

అడిగిన ఆ తండ్రిగారికి నా సమాధానం ఇదే. కొత్త యంత్రంలో ఈ చిప్‌ను వెతికి, కాళ్లు లెక్కపెట్టి, మూత మార్చి ఫలితం చూడడం కుదరదు. మా ఏడింటిలోనే 1999 నాటి బోర్డుకు బస్ జంపర్లు లేవు. చిప్‌కు వేగం చెప్పేది బయాస్ ప్రోగ్రామే. పాతది తెరిచిపెట్టిన పుస్తకం. మన పిల్లలు తెలుగులో ఆలోచిస్తూనే దానిని చదివారు.

ఎప్పటికైనా వీటిని వదిలించుకోక తప్పదు. అప్పుడు కూడా గుజిరీకి వద్దు. వీటి అతుకులలో సీసం ఉంటుంది, తగులబెడితే ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు. ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నాయి, నమోదు పొందిన పునర్వినియోగ సంస్థకు అప్పగించడమే మంచిది.

ఏడింటిలో ఐదు చిప్‌లను పిల్లలు గుర్తించారు. మిగిలిన రెండింటి మీద అక్షరాలు చెరిగిపోయాయి, బోర్డు తయారీదారు పేరు కూడా కనబడడం లేదు. 1996–2000 నాటి మదర్‌బోర్డు పుస్తకాలు పూర్వ విద్యార్థుల ఇళ్లలో అటకల మీద ఉంటే, దయచేసి సైన్సు గదికి పంపించండి. భోజనాల అనంతరం గది తెరిచే ఉంటుంది, పిల్లలు బోర్డులతో అక్కడే ఉంటారు.