బుద్ధిమంతురాలు, తెలివైనవాడు



2017లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధన గురించి చెబుతాం. ‘చాలా చాలా తెలివైన మనిషి’ కథ ఒకటి పిల్లలకు చెప్పి, ఫొటోల్లో ఆ మనిషి ఎవరో చూపించమన్నారు. ఐదేళ్ల ఆడపిల్లలు ఆడవాళ్లనే చూపించారు, మగపిల్లలు మగవాళ్లను. ఆరేళ్లొచ్చేసరికి అలా తమవాళ్లను చూపించే ఆడపిల్లలు తగ్గిపోయారు. బడిలో మంచి మార్కులు ఎవరికంటే మాత్రం ఆడపిల్లలకే అన్నారు! అంటే ఇది మార్కులు చూసి ఏర్పడిన అభిప్రాయం కాదు. తెలివైనవాళ్ల ఆట అని చెబితే ఆ ఆట మీదా వాళ్లకు ఆసక్తి తగ్గింది. కష్టపడేవాళ్ల ఆట అంటే తేడా లేదు.

మన ఇళ్లలో అబ్బాయి తెలివైనవాడు, అమ్మాయి బుద్ధిమంతురాలు. రెండూ పొగడ్తలే మరి! పదో తరగతి లెక్కల్లో తొంభై దాటిన అమ్మాయి ‘ఎంపీసీ నావల్ల కాదు టీచర్’ అంటుంది. డెబ్భై వచ్చిన అబ్బాయికి ఆ అనుమానమే రాదు.

ఆడపిల్లల పేరిట వచ్చే విరాళాలు ఎక్కువగా కుట్టుమిషన్లకే పోతున్నాయి. అవి వద్దనడం లేదు, వాటి మీద బతికే ఇళ్లు మాకు తెలుసు. ఈ జూన్‌లో ఎంపీసీలో చేరే అమ్మాయిల ఫీజుకు, పుస్తకాలకు, బస్ పాసుకు విడిగా కొంత కేటాయించమని కోరుతున్నాం. దరఖాస్తులు మేమే ఇంటింటికీ తిరిగి తెస్తాం.