డిస్కు లేని కంప్యూటర్లకు ఒక సర్వరు
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన ట్యూషన్ సెంటరులో దాతలిచ్చిన పాత కంప్యూటర్లు పది ఉన్నవి. కొన్నిటికి హార్డు డిస్కు పోయినది. మిగిలినవాటిలో విండోస్ 10 ఉన్నది, దానికి కంపెనీవారు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపివేసినారు. అన్నీ తుక్కుకు అమ్మి రెండు కొత్తవి కొందామని కమిటీలో మాట వచ్చినది. రెండింటి ముందు నలభై మంది పిల్లలు ఎట్లా కూర్చుంటారు? అమ్మవద్దని నా మనవి. ఆ డబ్బుతో ఒక్క మంచి సర్వరు కొందాము.

డిస్కు లేకుండా కంప్యూటరు ఎట్లా నడుస్తుందని అడుగుతారు. మీట నొక్కగానే అది నెట్‌వర్కు తీగ మీద, "నా చిరునామా ఏది, దేనితో మొదలుపెట్టాలి?" అని కేక వేస్తుంది. ఈ పద్ధతి పేరు పీఎక్స్‌ఈ. చాలా పాత పెట్టెలలో కూడా ఉంటుంది, బయోస్‌లోకి పోయి ఆన్ చేసుకోవాలి, అంతే. సర్వరు జవాబిచ్చి లినక్సు కెర్నలు పంపుతుంది. తరువాత తన దగ్గరి డిస్కు ఇమేజిని తీగ మీదనే అందిస్తుంది.

ఇదంతా అమర్చే ఎల్‌టీఎస్‌పీ అనే సాఫ్టువేరును జిమ్ మెక్‌క్విలన్ 1999లో మొదలుపెట్టినాడు. పైసా ఖర్చు లేదు. మొదట్లో ప్రోగ్రాములన్నీ సర్వరులోనే నడిచేవి, పిల్లవాని ముందు బొమ్మ మాత్రం కనబడేది. 2019లో దీన్ని కొత్తగా రాసినారు. ఇప్పుడు ప్రోగ్రాములు పిల్లవాని పెట్టెలోనే నడుస్తవి. అందుచేత పెట్టెలో మెమరీ కొంచెం ఉండాలి. మరీ తక్కువున్న ఒకటి రెండింటిలోది తీసి, రకం కలిస్తే, పక్కదానికి వేసుకోవచ్చు. పది ఎనిమిదైనా నష్టం లేదు.

నాకు నచ్చిన సంగతి వేరే ఉన్నది. నేను ఉర్దూ మీడియం పంతుల్ని. ప్రతి కంప్యూటరులో నస్తలీక్ ఫాంటు వేయటమంటే హైరానా. ఇక్కడ నోటో నస్తలీక్ ఉర్దూ ఫాంటు, ఉర్దూ కీబోర్డు సర్వరులో ఒక్కసారి పెట్టి ఇమేజి మళ్ళీ తయారుచేస్తే చాలు, మర్నాడు అన్నిటిలో వచ్చేస్తుంది. తెలుగుకూ ఇదే తోవ. పిల్లల ఫైళ్ళు కూడా సర్వరులోనే గనుక, ఏ కుర్చీలో కూర్చున్నా ఎవరి పాఠం వారికి దొరుకుతుంది.

"ఆఫీసుల్లో విండోసే అడుగుతారు కదా మాస్టారూ" అని ఒక తండ్రి అన్నారు. నిజమే. అయితే టైపింగు, లెక్కల పట్టికలు లిబ్రె ఆఫీసులో నేర్చినవాడికి అది చేతికి రావటానికి ఎన్నో రోజులు పట్టదు.

చిక్కులు దాచను. సర్వరు పడుకుంటే తరగతి మొత్తం పడుకుంటుంది. కాబట్టి దానికి యూపీఎస్ తప్పదు, ఫైళ్ళను వారానికోసారి బయటి డిస్కులోకి తీయాలి. పాస్‌వర్డు ఒక్కరి దగ్గరే ఉండరాదు, ఇద్దరికి తెలియాలి. వైఫై మీద ఈ పని కుదరదు, ప్రతి బల్లకూ తీగ లాగాలి. సర్వరు నుండి స్విచ్చికి గిగాబిట్ వేగం ఉండాలి, లేకుంటే అందరూ ఒక్కసారే మీట నొక్కినప్పుడు పిల్లలు తెర చూస్తూ కూర్చుంటారు.

గది కొలతలు తీసి, తీగ ఎన్ని మీటర్లు కావాలో కాగితం మీద రాసి కోశాధికారి గారికి ఇచ్చినాను. తుక్కు బేరం అంతవరకు ఆపవలసిందిగా కమిటీ వారిని కోరుచున్నాను.