కోత కంటే చెయ్యి ముఖ్యం

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో 24 గంటల కడుపునొప్పి అంటారే, అదే అపెండిసైటిస్. దీనికి పొట్ట కోసి చేసే ఆపరేషన్ ఉంది. 1980లో జర్మనీ వైద్యుడు కుర్ట్ సెమ్ తొలిసారి వాడిన, చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతీ ఉంది. కీహోల్‌తో నొప్పి తక్కువ, గాయం చీము పట్టడం తక్కువ. మిర్చి కోతకో, పత్తితీతకో త్వరగా తిరిగి వెళ్లవచ్చు. మరి ఎవరు చేసినా అదే మేలా? కాదు. కోత కంటే చెయ్యి ముఖ్యం. కీహోల్ సర్జన్ తెర చూస్తూ పొడవాటి పరికరాలతో పనిచేయాలి. ఆ నేర్పు పదుల ఆపరేషన్లు చేశాకే కుదురుతుంది. తొలినాళ్లలో సమయం ఎక్కువ పడుతుంది. మధ్యలో పొట్ట తెరవాల్సి రావడమూ ఎక్కువే.

అలాగైతే కొత్తవాళ్లు నేర్చుకునేదెలా అని అడగవచ్చు. అనుభవజ్ఞులు పక్కనుంటే యువ సర్జన్ల ఫలితాలూ బాగుంటాయని అధ్యయనాలు చెబుతున్నాయి. గుంటూరు, ఒంగోలు బోధనాసుపత్రులు ఉన్నది అందుకే. అవసరమై పొట్ట తెరిస్తే అది ఓటమి కాదు, వివేకం. ఇక కీహోల్ కోసమే వెతుకుతూ ఆలస్యం చేస్తే అపెండిక్స్ పగిలే ప్రమాదం ఉంది. అందుకే నొప్పి రాగానే ఆసుపత్రికి వెళ్లండి. "ఈ ఆపరేషన్ మీకు బాగా అలవాటేనా, డాక్టరుగారూ?" అని అడగండి. అది మీ హక్కు. గుర్తుంచుకోండి, కోత కంటే చెయ్యి ముఖ్యం.