బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే ఎంత వేగం ఉండాలి?

ఇంటికి నెట్ పెట్టించుకునేటప్పుడు మనం ముందు అడిగేది నెలకు ఎంత అని. కానీ ఎంత వేగం ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అనాలో ప్రభుత్వమే నిర్ణయించింది. 2004లో సెకనుకు 256 కిలోబిట్లు చాలన్నారు. 2013లో 512 చేశారు. 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెంచారు. ఇద్దరు పిల్లలు ఒకేసారి వీడియో పాఠాలు వింటే ఆ రెండు మెగాబిట్లూ ఏ మూలకూ చాలవు. అమెరికాలో 2024 నుంచి డౌన్‌లోడ్‌కు 100, అప్‌లోడ్‌కు 20 మెగాబిట్లు ఉండాలి. మన హద్దు ఇంకా పెరగాల్సిందే.

ఇంకో సంగతి. ప్రకటనలో 100 అని రాసేది మెగాబిట్లలో. ఫైలు సైజు కనబడేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, లైను పూర్తి వేగంతో నడిచినా సెకనుకు దిగేది పన్నెండున్నర మెగాబైట్లే. పైగా ఆ వేగాన్ని చుట్టుపక్కల ఇళ్లు పంచుకుంటే, రాత్రి అందరూ నెట్ పెట్టే వేళకు తగ్గిపోతుంది. గోడలు అడ్డొస్తే వైఫై ఇంకా నీరసిస్తుంది. అందుకే రౌటర్‌కు కేబుల్ తగిలించి, రాత్రిపూట వేగం కొలిచి చూడండి. అప్‌లోడ్ ఎంతో కూడా తప్పకుండా అడగండి. వీడియో కాల్‌లో మీ ముఖం అవతలివాళ్లకు సరిగ్గా కనబడాలంటే కావలసింది అదే.